గ్లూకోమీటర్: రంగు నుంచి కరెంటు దాకా

వేలి కొసన తీసిన చిన్న రక్తపు బొట్టులో గ్లూకోజు ఎంత ఉందో కొలిచి చెప్పే పరికరం గ్లూకోమీటర్. తిన్న ఆహారం, కాలేయం రక్తంలోకి పంపే చక్కెరకూ, ఒంట్లోని కణాలు తీసుకునే చక్కెరకూ నడుమ ఆ నిమిషాన మిగిలిన నిల్వే అది చూపే అంకె. ఆరోగ్యవంతుల్లో పరగడుపున డెసిలీటరు రక్తానికి 70 నుంచి 100 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. అంటే ఐదు లీటర్ల రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజు 5 గ్రాముల లోపే.

మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు ఖర్చు చేస్తుంది కాబట్టి, ఈ కొద్దిపాటి నిల్వ నిరంతరం ఖర్చవుతూ, నిండుతూ ఉండాలి. అన్నంలోనో రొట్టెలోనో ఉన్న పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజుగా విడిపోయి రక్తంలో చేరుతుంది. చక్కెర పెరగగానే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. దాని ప్రేరణతో కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోనికి తీసుకుంటాయి. కాలేయం కొంత భాగాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. భోజనాల నడుమ గ్లూకగాన్ అనే హార్మోన్ ఆ గ్లైకోజెన్‌ను కరిగించి రక్తంలోకి పంపిస్తుంది. కణంలోకి చేరిన గ్లూకోజు అంచెలంచెలుగా విచ్ఛిన్నమై, చివరకు ఆక్సిజన్ సాయంతో కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుతుంది. విడుదలైన శక్తిలో కొంత ఏటీపీ అనే అణువుల రూపంలో కణానికి దక్కుతుంది. ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు తయారవుతాయి.

ఆ ఏటీపీని కండరంలో తొలిసారి గుర్తించినవారిలో ఒకరు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాలోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి చివరకు నీలిరంగునిస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కండరపు సారంలో ఆ నీలం ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా చిక్కబడటం, అక్కడ వేరే ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఉన్నాయనడానికి వారికి ఆధారమైంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

రక్తంలో చక్కెరను కొలిచే దారి కూడా ఆనాడు రంగు మీదుగానే సాగింది. హార్వర్డ్‌లో సుబ్బారావు పనిచేసిన విభాగానికే అధిపతి అయిన ఆటో ఫోలిన్, షియన్ వూతో కలిసి 1919–20లో రూపొందించిన పద్ధతిలోనూ చక్కెర ఎంతుందో నీలిరంగు చిక్కదనమే చెప్పేది. గ్లూకోజు రాగిని క్షయకరణం చేయడమే ఆ రంగుకు మూలం. అయితే అలాగే రాగిని క్షయకరణం చేసే ఇతర పదార్థాలు కూడా రక్తంలో ఉండటం వల్ల ఫలితం కాస్త ఎక్కువగా వచ్చేది. పరీక్షకు ప్రయోగశాల, నిపుణుడు తప్పనిసరి. ఇంట్లో మాత్రం రోగులు మూత్రాన్ని బెనిడిక్ట్ ద్రావణంతో మరిగించి చూసుకునేవారు. చక్కెర రక్తంలో డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే గాని మూత్రంలో కనిపించదు. కనుక ఆ పరీక్ష ఆలస్యంగా చెప్పేది. చక్కెర ప్రమాదకరంగా పడిపోతే అసలు చెప్పేదే కాదు.

గ్లూకోజును మాత్రమే గుర్తుపట్టే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, ఇతర పదార్థాలు ఫలితాన్ని పెంచే చిక్కును విడదీసింది. అమెరికాలో ఏమ్స్ సంస్థకు చెందిన హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతులు 1950ల్లో దాన్ని మూత్రపరీక్ష కాగితపు పట్టీ మీదికి తెచ్చారు. 1960ల మధ్యలో అదే సంస్థ రక్తం కోసం డెక్స్‌ట్రోస్టిక్స్ విడుదల చేసింది. పట్టీ మీద పెద్ద రక్తపు బొట్టు వేసి, సరిగ్గా నిమిషం ఆగి, నీటితో కడిగి, రంగును పట్టికతో పోల్చాలి. ఒకరి కంటికీ మరొకరి కంటికీ తేడా వచ్చేది. కంటికి బదులు కాంతిని వాడే యంత్రాన్ని అక్కడే ఆంటన్ క్లెమెన్స్ తయారుచేశారు. 1970లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటర్ కిలోకు పైగా బరువు ఉండేది. పట్టీ నుంచి తిరిగి వచ్చిన కాంతిని కొలిచి ముల్లుతో అంకె చూపేది. దాన్ని వైద్యులకే అమ్మేవారు. మధుమేహంతో బాధపడుతున్న ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్ డాక్టరైన తన భార్య పేరిట దాన్ని తెప్పించి, తన చక్కెరను రోజుకు ఎన్నోసార్లు స్వయంగా చూసుకున్నారు. రోగి తన ఇంట్లో తానే పరీక్షించుకోవడానికి అది మార్గం చూపింది.

1962లోనే లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఎంజైమును ఎలక్ట్రోడుతో జోడించాలని ప్రతిపాదించారు. ఎంజైమ్ గ్లూకోజు నుంచి లాక్కున్న ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడుకు చేరవేసే పదార్థాలు దొరికాక, 1987లో పెన్నంత ఎక్సాక్‌టెక్ మీటర్ వచ్చింది. రంగు స్థానంలో కరెంటు వచ్చింది: గ్లూకోజు ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ. ఇప్పటి స్ట్రిప్‌కు ఒక మైక్రోలీటరు లోపు రక్తం, కొన్ని సెకన్ల సమయం చాలు. జబ్బ వెనుక వైపు అతికించుకునే సెన్సర్లు చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును రాత్రీ పగలూ కొలుస్తాయి. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవంలో కొన్ని నిమిషాల తర్వాతే తెలుస్తుంది.

ఇంటి మీటర్‌కు పరిమితులున్నాయి. 2013 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, అంతకు పైబడిన రీడింగుల్లో 95 శాతం ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూ ఇటూలో ఉంటే చాలు. వేలికి పండు రసం అంటుకుని ఉన్నా, స్ట్రిప్ తేమ తగిలి పాడైనా, రక్తహీనత ఉన్నా అంకె మారిపోతుంది. అందుకే చేతులు కడిగి, ఆరాక పరీక్షించాలి. మధుమేహం ఉందో లేదో నిర్ధారించేది సిర నుంచి తీసిన రక్తంతో చేసే ల్యాబ్ పరీక్షే: పరగడుపున 126 లేదా అంతకు పైన, లేదా గత రెండు మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకు పైన. లక్షణాలు స్పష్టంగా లేనప్పుడు ఆ ఫలితాన్ని మరో పరీక్షతో ఖరారు చేసుకోవాలి.

మధుమేహం ఉన్నవారికి రోజువారీ నిర్ణయాల్లో మాత్రం ఈ పరికరం ఎంతో అక్కరకొస్తుంది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌ను ఆనుకున్న తెల్లాపూర్ వంటి చోట్ల కుర్చీలో కూర్చుని గంటల తరబడి పనిచేసే వారికి నడక చక్కెరను ఎలా మారుస్తుందో తెలుసుకోవడం మరీ ముఖ్యం. పనిచేసే కండరం ఇన్సులిన్ ప్రేరణ లేకపోయినా గ్లూకోజును లోనికి తీసుకోగలదు. భోజనం తర్వాత కాసేపు నడిస్తే చక్కెర పెరుగుదల సాధారణంగా తగ్గుతుంది. ఒకే రకం భోజనం చేసి, ఒకరోజు కూర్చుని, మరోరోజు నడిచి, రెండు గంటల తర్వాతి అంకెల్ని పోల్చి చూస్తే తమ ఒంట్లో ఆ తేడా ఎంతో తెలుస్తుంది. మందులు, ఇన్సులిన్ వాడేవారు ఆ అంకెలను రాసి పెట్టుకుని వైద్యుడికి చూపాలి. మోతాదును ఆయన సలహాతోనే మార్చాలి.