రిమ్ము పెరిగితే మోత తగ్గుతుంది
ట్రైలర్‌ను లాగే వాహనాలకు టైర్ల ఎంపికలో మెలకువ అవసరం

న్యూఢిల్లీ: కొత్త కారు ఇంటికి రాగానే కొబ్బరికాయ కొట్టడం, వారం తిరగకముందే కంపెనీ ఇచ్చిన చక్రాలను ఊడదీయించి అంతకంటె పెద్ద అల్లాయ్ చక్రాలను బిగించుకోవడం నగరాలలో రివాజుగా మారింది. చూపులకు అది బాగానే ఉంటుంది. కాని ఆ కారు వెనుక ఒక ట్రైలర్‌ను తగిలించి బరువు లాగించవలసి వచ్చినప్పుడు, అందం కోసం వేయించిన ఆ చక్రాలే అసలు చిక్కును తెచ్చిపెడతాయని టైర్ల సాంకేతిక ప్రమాణాలు స్పష్టం చేస్తున్నాయి.

వాహన తయారీదారుల సంఘం 'సియామ్' లెక్కల ప్రకారం 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో 43 లక్షల పైచిలుకు ప్యాసింజర్ వాహనాలు అమ్ముడుపోగా, వాటిలో దాదాపు 28 లక్షలు యుటిలిటీ వాహనాలే. ఎస్.యు.వి.లుగా వ్యవహరిస్తున్న ఈ ఎత్తయిన బండ్లను కొన్నవారిలో అత్యధికులు వాటితో ఎన్నడూ ఏదీ లాగరు. పడవలను, గుర్రాలను, మోటార్ సైకిళ్లను, విహారయాత్రల బళ్లను ట్రైలర్లపై తరలించేవారి సంఖ్య మన దేశంలో ఇంకా స్వల్పమే. అయితే బండి ఒక్కటే అయినా వాడుక దేశాన్నిబట్టి మారుతున్నది. పుణె సమీపంలోని చాకన్‌లో తయారయ్యే మహీంద్రా స్కార్పియో వాహనాన్ని ఆస్ట్రేలియాలో 2023 నుంచి విక్రయిస్తున్నారు. అక్కడ ఆ బండి సొంత బ్రేకులున్న ట్రైలర్‌నైతే 2500 కిలోల వరకు, బ్రేకులు లేనిదైతే 750 కిలోల వరకు లాగవచ్చునని కంపెనీ ప్రకటించింది. ఆ అంకెలను ఇక్కడి కొనుగోలుదారు యథాతథంగా తనకు అన్వయించుకోరాదు. తన బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఏమి రాసి ఉన్నదో అదే అతనికి ప్రమాణం.

టైరు పక్కగోడపై అచ్చుపోసిన అక్షరాలను, అంకెలను చదవడం నేర్చుకుంటే సగం సందేహాలు తీరుతాయి. ఉదాహరణకు 265/65 ఆర్ 17 112 అని ఉన్నదనుకుందాం. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం. ఆర్ అనేది రేడియల్ నిర్మాణానికి గుర్తు. 17 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. చివరనున్న 112 మాత్రం కిలోలు కాదు, అంగుళాలు కాదు. అది మోత సూచిక. పట్టికలో చూస్తే 112కు ఎదురుగా 1120 కిలోలు అని ఉంటుంది. అంటే సరైన గాలి ఉన్నప్పుడు ఆ ఒక్క టైరు మోయగల గరిష్ఠ భారం అంత. దుకాణంలో బేరమాడేవారు మొదటి మూడు అంకెలనూ పట్టించుకుని ఈ నాలుగవ దానిని వదిలేస్తూ ఉంటారు. బరువు లాగేవారికి అన్నిటికంటె ముఖ్యమైనది ఆ నాలుగవదే.

రిమ్ము పెరిగినకొద్దీ ఏమి జరుగుతుందో టొయోటా ఫార్చ్యూనర్ తరహా బండ్లకు వచ్చే టైర్లతో తేలికగా గ్రహించవచ్చు. పైన చెప్పిన 17 అంగుళాల టైరు బయటి వ్యాసం 776 మిల్లీమీటర్లు. 265/60 ఆర్ 18 తీసుకుంటే 775. ముస్తాబు కోసం 20 అంగుళాల రిమ్ముకు వెళ్లి 265/50 టైరు వేయిస్తే 773. మూడింటి బయటి కొలత దాదాపు ఒక్కటే. పెరిగినదల్లా లోపలి లోహం, తరిగినదల్లా రబ్బరు గోడ, దాని మధ్య నిలిచే గాలి. అసలు భారాన్ని మోసేది టైరు రబ్బరు కాదు, అందులోని గాలి. అందుకే సాధారణ శ్రేణిలో ఈ మూడు టైర్ల మోత సూచికలు వరుసగా 112, 110, 107 అవుతున్నాయి. కిలోలలో చెప్పాలంటే 1120, 1060, 975. వెనుక ఇరుసుకు రెండు టైర్లు కనుక 2240 కిలోల సామర్థ్యం 1950కి దిగిపోయినట్లు. 290 కిలోలు గాలిలో కలిసిపోయాయి. ఎక్కువ గాలి పట్టే 'ఎక్స్‌ట్రా లోడ్' రకం టైర్లతో ఈ లోటును కొంత పూడ్చుకోవచ్చు. అయితే వాటిలో ఆ అదనపు గాలిని నిజంగా నింపినప్పుడే అది సాధ్యం.

ఆ 290 కిలోలకు అంత పట్టింపు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ట్రైలర్ బరువులో కొంత భాగం, ఆస్ట్రేలియా వంటి దేశాలలో సుమారు పదవ వంతు, బండి వెనుకనున్న కొక్కెంపై పడేటట్లు సామాను సర్దుతారు. అలా సర్దకపోతే ట్రైలర్ పాములా అటూఇటూ ఊగుతుంది. 1500 కిలోల ట్రైలరైతే కొక్కెంపై 150 కిలోలు. ఈ బరువు వెనుక ఇరుసు మీద నేరుగా పడదు, దానికి అవతల వేలాడుతుంది. తూగుడు బల్లపై పిల్లవాడు ఒక కొసన కూర్చుంటే రెండవ కొస లేచినట్లే, ఇక్కడ బండి ముందు భాగం కొంత తేలిపోతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2745 మి.మీ. ఉండి, కొక్కెం వెనుక ఇరుసుకు 1200 మి.మీ. అవతల ఉన్నదనుకుంటే, 150 కిలోలు కాస్తా వెనుక ఇరుసుపై 216 కిలోలవుతాయి. ముందు ఇరుసు నుంచి 66 కిలోలు తగ్గిపోతాయి. దీనికితోడు వెనుక సీటులో ముగ్గురు, డిక్కీనిండా సామాను ఉంటే వెనుక టైర్లపై ఒత్తిడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. స్టీరింగ్ తిప్పవలసిన ముందు చక్రాలేమో తేలికబడి ఉంటాయి.

రిమ్మును మార్చకుండా టైరునే భారీగా పెంచే మరొక వర్గం ఉన్నది. కొండదారులలో తిరిగేవారికి ఈ మోజు ఎక్కువ. 265/65 ఆర్ 17 స్థానంలో 285/70 ఆర్ 17 బిగిస్తే బయటి వ్యాసం 831 మి.మీ.కి చేరుతుంది. పెరుగుదల 7 శాతం. ఈ టైరుకు మోత శక్తి ఎక్కువేనన్న మాట నిజం. కాని చక్రం పెద్దదైనకొద్దీ ఇంజన్ శక్తి నేలను తన్నే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఘాట్ రోడ్డుపై ట్రైలర్‌తో ఎక్కుతున్నప్పుడు క్లచ్చి కాలిన వాసన రావడానికి ఇది చాలు. బ్రేకుల పరిస్థితీ అంతే. అదే పెడల్‌ను అంతే గట్టిగా నొక్కినా నేలవద్ద ఆపే బలం తక్కువగా ఉంటుంది. ఎక్కడం కష్టమైతే బండి ఆగుతుంది. దిగుడులో ఆగకపోతేనే ప్రమాదం. స్పీడోమీటర్ ముల్లు కూడా అసలు వేగంకంటె తక్కువ చూపడం మొదలుపెడుతుంది.

రిమ్ముకూ తనదైన మోత పరిమితి ఉంటుందని చాలామందికి తెలియదు. మంచి రకం అల్లాయ్ చక్రాల లోపలి వైపు ఆ అంకెను అచ్చువేస్తారు. అంకె లేని చౌక రిమ్మును ట్రైలర్ లాగే బండికి వాడకపోవడమే క్షేమం. చక్రాన్ని బయటకు పొడుచుకువచ్చేటట్లు బిగిస్తే బేరింగులపై భారం పెరుగుతుంది.

అలాగని పక్కగోడ ఎంత ఎత్తుంటే అంత మంచిదని భావించనక్కరలేదు. గోడ మరీ ఎత్తుగా, మెత్తగా ఉంటే మలుపులలో టైరు పక్కకు వంగి, ట్రైలర్ ఊపుకు మరింత ఊపు తోడవుతుంది. తయారీదారు ఆ మోడల్‌కు ఆమోదించిన కొలతలలోనే చిన్న రిమ్మును ఎంచుకుని, మోత సూచిక కంపెనీ పేర్కొన్నదానికి తగ్గకుండా చూసుకోవడం ఆచరణలో సరిపోతుంది. గుంతల రోడ్లపై ఈ టైరు రిమ్మునూ కాపాడుతుంది, ధరలోనూ కలిసివస్తుంది.

ఇక గాలి సంగతి. ఇంధన బంకులలో 'ముప్పై పెట్టు' అనడం అందరికీ అలవాటు. మోత సూచికలో చెప్పిన కిలోలు సాధారణ శ్రేణి టైరుకు చదరపు అంగుళానికి సుమారు 36 పౌండ్ల గాలి ఉన్నప్పటి లెక్క. గాలి ఐదవ వంతు తగ్గితే మోత శక్తి సుమారు ఆరవ వంతు తగ్గుతుంది. డ్రైవర్ వైపు తలుపు చట్రంపై అతికించిన చీటీలో మామూలు బరువుకు ఒక అంకె, నిండు బరువుకు మరొక అంకె ఉండడం కద్దు. ట్రైలర్ ఉన్న రోజున రెండవ అంకెనే పాటించాలి. బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజి పెట్టి చూడాలి. ఎండాకాలంలో పేలిపోతుందన్న భయంతో కొందరు గాలి తగ్గిస్తారు. ఫలితం విపరీతం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి, ఆ నలుగుడుకు మరింత వేడెక్కి, లోపలి పొరలు విడిపోయే స్థితికి చేరుతుంది.

అమెరికాలో 2000 సంవత్సరం ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలవవలసి వచ్చిన ఉదంతం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్.యు.వి.లకు అమర్చినవి. టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు బోల్తాపడిన ఘటనలలో 270 మందికి పైగా మరణించినట్లు అక్కడి రహదారి భద్రతా సంస్థ నమోదు చేసింది. టైర్లలోనే లోపం ఉన్నదని విచారణలో తేలింది. అయితే ఆ బండికి ఫోర్డ్ సిఫారసు చేసిన గాలి 26 పౌండ్లు మాత్రమే కావడం, వైఫల్యాలలో అధిక భాగం టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి వేడి రాష్ట్రాలలో జరగడం గమనార్హం. అదే ఏడాది నవంబరులో వచ్చిన చట్టం ఫలితంగా, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి అయింది. మన దేశంలోని ఎండలు ఆ రాష్ట్రాల ఎండలకు తీసిపోయేవి కావు.

చట్టం మాటకు వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు హద్దులు విధించింది. కేరళకు చెందిన ఒక వివాదంలో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని స్పష్టం చేసింది. కంపెనీ తన వివిధ మోడళ్లకు ఇచ్చిన కొలతలలో ఏదో ఒకటి వాడితే ఇబ్బంది ఉండకపోవచ్చు. ఆ హద్దు దాటితే ప్రమాదానంతరం బీమా పరిహారం వద్ద పేచీ వచ్చే అవకాశం ఉన్నది. ట్రైలర్‌కూ వేరుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. మొత్తం బరువు 750 కిలోలు దాటనివి టి-1 తరగతి, ఆపైన మూడున్నర టన్నుల వరకు టి-2 తరగతి.

ఇంత జాగ్రత్త బండి టైర్లపై చూపినవారు కూడా ట్రైలర్ టైర్లను మరచిపోతారు. కారుకు పనికిరావని తీసివేసిన పాత జతను ట్రైలర్‌కు వేయించడం పొదుపుగా కనిపిస్తుంది. ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో కదలకుండా నిలబడి ఉంటుంది. దాని టైరు అరగకముందే ముసలిదవుతుంది. పక్కగోడపై నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గళ్లు లోతుగా ఉన్నా గోడపై బీటలు కనిపిస్తే దానిని వదిలించుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు 6.00-16 టైర్లు ఉండేవి. దాని వెనుక తగిలించే పావు టన్ను ట్రైలర్‌కూ సరిగ్గా అవే చక్రాలు. దారిలో ఏ చక్రం పంక్చరయినా ఒక్క స్టెప్నీ రెండింటికీ సరిపోయేది. నేడు ట్రైలర్ కట్టించుకునేవారు తమ బండి చక్రాలే దానికీ పట్టేటట్లు బోల్టుల అమరికను కోరవచ్చు. వర్క్‌షాపులో కొలతలు ఇచ్చే సమయంలోనే ఆ మాట చెప్పాలి. ఇరుసు బిగించిన తరువాత మార్చడం ఖర్చుతో కూడిన పని.