ఫోనులో బాలవాడి

2020 మార్చిలో కరోనాతో అంగన్‌వాడీలు మూతపడ్డాక, పాటలూ కథలూ వాట్సాప్‌లో తల్లులకు పంపి మూడు నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పే పద్ధతి దేశంలో చాలాచోట్ల వచ్చింది. దానికి టచ్ ఫోను కావాలి, డేటా కావాలి, పగటిపూట పిల్లతో కూర్చునే మనిషి కావాలి. గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని వైపు మాదిగ గేరుల్లో ఆ మనిషి దొరకడమే కష్టం.

ఇక్కడి కూలి కుటుంబాలు పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు దిక్కుకు సుగ్గికి పోతాయి. 2020 లాక్‌డౌన్‌లో ఎందరో ఆడనే చిక్కుకుపోయినారు. ఇంట్లో ఒక ఫోనుంటే అది కూలికి పోయేవాళ్ల వెంట చేనికి పోతుంది. పిల్ల అవ్వ దగ్గరో, అక్క దగ్గరో ఉంటుంది. టీచరు పని జీతం లేకుండా ఆ అక్క నెత్తిన పడింది. ఆమె బడి కూడా మూతపడే ఉందని ఎవరు తలచినారు?

1975లో మొదలైన ఐసిడిఎస్‌లో తిండీ చదువూ ఒకే చోట ఉండాలనేది లెక్క. 2013 ఆహార భద్రతా చట్టం ఆ తిండిని హక్కు చేసింది. సరుకులు ఇంటికిస్తే మంచిదే; కాకపోతే పిల్ల గుడ్డు ఇంటిల్లిపాది గుడ్డవుతుంది.

గేరి పిల్ల, ఊరి పిల్ల ఒకే చాపమీద కూర్చుని తినే చోట్లు మన పల్లెల్లో ఎన్నున్నాయి? గేరికొక కేంద్రం, ఊరికొక కేంద్రం ఉన్నచోట అదీ లేదు. ఉన్న కాస్త కలయికను మేము పెద్దదిగానే చూస్తాం. ఫోను దాన్ని ఇవ్వలేదు.

కంటైన్‌మెంట్ జోన్ల బయటి కేంద్రాలను తెరవడంపై 2021 జనవరి 31లోగా నిర్ణయించమని సుప్రీంకోర్టు ఆ నెల 13న రాష్ట్రాలకు చెప్పింది. అది మిరప కోతల కాలం. కేంద్రం తలుపు తెరిచినా, సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లలు గుంటూరు చేలగట్ల మీదే ఉంటారు.