బెల్డమ్: అవ్వ నుంచి మంత్రగత్తె దాకా

నేటి ఇంగ్లిష్ వాడుకలోంచి తప్పుకుని, పాత నాటకాల్లోను కావ్యాల్లోను ఎక్కువగా ఎదురయ్యే ‘బెల్డమ్’ అనే మాటకు కురూపి అయిన ముసలిది, మంత్రగత్తె అనే అర్థాలు స్థిరపడ్డాయి గాని, 15వ శతాబ్దంలో అది నాయనమ్మకైనా అమ్మమ్మకైనా చెల్లే మర్యాదైన పిలుపు. నింద అందులో లేశమైనా లేదు.

ఈ మాటలో రెండు భాగాలున్నాయి. ఇంటి యజమానురాలిని లాటిన్‌లో ‘డోమినా’ అంటారు. అదే ఫ్రెంచి మీదుగా ‘డేమ్’గా ఇంగ్లిష్‌లోకి వచ్చి, తల్లి అనే అర్థాన్ని కూడా పొంది, ఇక్కడ ‘డమ్’గా నిలిచింది. ‘బెల్’ అంటే ఫ్రెంచిలో అందమైన అని అర్థమే అయినా, ఇక్కడ అది చుట్టరికపు వరసను మాత్రమే తెలుపుతుంది. ఫ్రెంచివారు నేటికీ అత్తగారిని ‘బెల్ మేర్’ అంటారు. ఆ పద్ధతిని రక్తసంబంధానికి వర్తింపజేసి అవ్వను ‘బెల్డమ్’, తాతను ‘బెల్సైర్’ అన్నది ఇంగ్లండ్‌వారే.

16వ శతాబ్దం చివరికి ఈ పిలుపు తిట్టుగా దిగజారింది. మంత్రవిద్యతో ప్రాణం తీయడాన్ని మరణశిక్షకు తగిన నేరంగా చేసిన 1563 నాటి చట్టం అమలులో ఉన్న కాలమది. ఆ నేరం ఎక్కువగా పేద ముసలివారి మీదే పడుతోందని రెజినాల్డ్ స్కాట్ 1584లోనే తన గ్రంథంలో ఎత్తిచూపాడు. 1612లో లాంకషైర్‌లోని పెండిల్ ప్రాంతంలో పట్టుబడిన ఎలిజబెత్ సదర్న్స్ సుమారు ఎనభై ఏళ్ల, చూపులేని వృద్ధురాలు, మనవలున్న అవ్వ. ఆమె విచారణకు ముందే చెరసాలలో కన్నుమూయగా, మనవరాలు అలిజన్‌ను ఉరితీశారు. అవ్వ అన్న మాటా మంత్రగత్తె అన్న మాటా ఒకే మనిషి మీద ఇంత క్రూరంగా కలిసిన సందర్భం మరొకటి దొరకడం కష్టం. తాతను పిలిచిన ‘బెల్సైర్’ కూడా కాలగర్భంలో కలిసిపోయింది గాని, తిట్టు మాత్రం కాలేదు.

షేక్‌స్పియర్ రచనల్లో రెండు అర్థాలూ కనిపిస్తాయి. ‘మాక్బెత్’లో హెకటి అనే దేవత తన మంత్రగత్తెలను మందలిస్తూ ఈ మాటే వాడుతుంది, ఆ ఘట్టం థామస్ మిడిల్టన్ చేర్చినదని చాలామంది పండితుల అభిప్రాయం. ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో మాత్రం భూకంపాన్ని వర్ణిస్తూ హాట్‌స్పర్ అనే వీరుడు భూమినే బెల్డమ్ అని, కొద్ది పంక్తుల తరవాత అదే భూమిని ‘గ్రాండమ్’, అంటే అవ్వ అని అంటాడు. కనుక తెలుగు చేసేవారు అక్కడ మంత్రగత్తె అన్న అర్థాన్ని విడిచి, ముసలి అవ్వ అయిన భూమి అని రాయడమే న్యాయం.