పిలిస్తే పలికే పేర్లు

డిసెంబరు దగ్గరపడితే బెంగళూరులోని మహదేవపుర వీధుల్లో దేవుడి పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. హూడి నుంచి కాడుగోడి దాకా మేడల మీద కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. అద్దె హాళ్లలో తెలుగు ఆరాధన జరుపుకునే సంఘాలు క్రిస్మస్ బ్యానర్లు కట్టుకుంటాయి. ఒకదాని మీద ‘ఇమ్మానుయేలు’, ఇంకోదాని మీద ‘సమాధానకర్త’. ఆటో అద్దం మీద ‘యెహోవా యీరే’. అనంతపురం, కర్నూలు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్లకూ, గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చినవాళ్లకూ ఇవి సండే స్కూలు నాటి నుంచి నోటికి వచ్చిన పేర్లే. నోటికి వచ్చినవి కాబట్టే వాటిని ఆగి వినడం తగ్గింది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం ఉన్నది అలా ఆగి వినడానికే.

నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో ఈ కాలం మొదలవుతుంది. నాలుగు ఆదివారాలు, నాలుగు కొవ్వొత్తులు, బలిపీఠం మీద ఊదా రంగు వస్త్రం. పాశ్చాత్య సంఘంలో ఎంతో పాతదైన ఆచారం ఒకటుంది. డిసెంబరు 17 నుంచి 23 వరకు సాయంకాల ప్రార్థనలో రోజుకో పేరు పెట్టి క్రీస్తును రమ్మని పిలుస్తారు. జ్ఞానం, ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయకాంతి, జనముల రాజు, చివరి రోజున ఇమ్మానుయేలు. లాటిన్‌లో ఈ ఏడు పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి మొదటికి చదివితే ‘రేపు నేనుంటాను’ అనే మాట వస్తుంది. పిలుపులోనే జవాబు దాగి ఉందన్నమాట.

దాసి పెట్టిన పేరు

బైబిల్లో దేవుడికి మొట్టమొదట పేరు పెట్టిన మనిషి ఎవరు? అబ్రాహాము కాదు, మోషే కాదు. హాగరు. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. కడుపులో బిడ్డ, ఇంట్లో యజమానురాలి వేధింపు. తట్టుకోలేక అరణ్యంలోకి పారిపోయింది. షూరు మార్గంలో నీటిబుగ్గ దగ్గర దేవదూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆదికాండం 16వ అధ్యాయం తీసి చూడండి. శారయి నోట గాని, అబ్రాము నోట గాని హాగరు అనే పేరు రాదు. ఆమె ‘నా దాసి’, కాదంటే ‘నీ దాసి’. తనను పేరుతో పలకరించిన దేవుడికి ఆమె కూడా ఒక పేరు పెట్టింది: ఎల్ రోయి. నన్ను చూసే దేవుడు.

రోజుకు నాలుగిళ్లలో అంట్లు తోమి, ఊళ్లో అమ్మ దగ్గర వదిలిన పిల్లలకు డబ్బు పంపే తెలుగు ఆడవాళ్లు మహదేవపురలో ఎందరో. పని చేయించుకుంటూ పేరు అడగని ఇళ్లు కూడా ఉన్నాయి. ఎల్ రోయి అంటే ఏమిటో ఈ అక్కలకు ఏ పాస్టరుగారూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మిగతా పేర్లూ ఇలా కష్టంలో పుట్టినవే. గిద్యోను తన బలిపీఠానికి ‘యెహోవా షాలోము’ (యెహోవాయే సమాధానం) అని పేరు పెట్టింది మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న రోజుల్లో. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి దండెత్తినప్పుడు, వణికిపోతున్న ఆహాజు రాజుకు యెషయా చెప్పిన గుర్తు ‘ఇమ్మానుయేలు’. దేవుడు మనకు తోడు. శతాబ్దాలు గడిచాక మత్తయి ఆ పేరును బేత్లెహేము శిశువుకు అన్వయించాడు. అయినా నాలుగు సువార్తల్లో ఎవ్వరూ యేసును ‘ఇమ్మానుయేలూ’ అని పిలవరు. కుష్ఠరోగులను ముట్టుకుని, సుంకరులతో కలిసి భోంచేసి ఆయన ఆ పేరును బతికి చూపించాడు. సదాకాలం మీతో ఉంటానని ఆయన ఇచ్చిన మాటతోనే మత్తయి సువార్త ముగుస్తుంది.

ఈ నేల మీద

మహదేవపుర నియోజకవర్గంలోని వైట్‌ఫీల్డ్ కూడా వలసజీవుల కోసం పుట్టిన ఊరే. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఇచ్చిన 3,900 ఎకరాల్లో ఆంగ్లో ఇండియన్లు సేద్యం చేసుకు బతకాలని తపించిన మనిషి డేవిడ్ ఇమ్మానుయేల్ స్టార్కెన్‌బర్గ్ వైట్. ఊరికి ఆయన ఇంటిపేరు మిగిలింది. నడిమి పేరు చాలామందికి తెలియదు.

మహాదేవుడి పేరు మోసే ఈ చోట తెలుగు క్రైస్తవులకు పరాయితనం ఉండనక్కర్లేదు. మనవాళ్లు దేవుణ్ణి ఈ నేల ఎరిగిన మాటలతోనే పిలిచారు. తెలుగు కతోలికుల నోట దేవుడు ‘సర్వేశ్వరుడు’. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యం రాశాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు నేటికీ సంఘాల్లో పాడుతున్నారు. దేవసహాయం, యేసుపాదం, కృపావరం అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న తాతలు ఆ పిలుపును రేషన్ కార్డు దాకా తెచ్చారు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. నాలుగు హెబ్రీ అక్షరాల దైవనామాన్ని యూదులు భక్తిభయంతో ఉచ్చరించరు. దాని బదులు ‘అదోనాయి’ అని చదువుతారు. 2008లో వాటికన్ సైతం ఆరాధనలో, పాటల్లో ఆ నామాన్ని ‘యావే’ అని పలకవద్దని బిషప్పులకు రాసింది. మన సంఘాలు ఆ నామాన్నే ‘యెహోవా’ అని నోరారా పిలుస్తాయి. ఆ చనువును నేను తప్పుపట్టను. కానీ అదే పేరు మైకులో నినాదంగా, బండి మీద స్టిక్కరుగా మిగిలిపోతే అది హాగరు పిలిచిన పిలుపు కాదు.

ఈ నెలలో క్యారల్స్‌కు బయల్దేరే యౌవనస్థులకు ఒక మనవి. అపార్ట్‌మెంట్లు అయ్యాక కట్టడాల పక్కనున్న రేకుల షెడ్లకూ వెళ్లండి. అక్కడా తెలుగు వినిపిస్తుంది. పాట ఎత్తుకునే ముందు వాళ్ల పేర్లు అడగండి.