స్టీరింగ్ బిగిసిందా.. పంపు మార్చకముందే ఇవి చూడండి!

నల్లమాడ వైపు ఎర్రనేలల్లో వాన పడ్డాక పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోపే వేరుశనగ విత్తనం పడాలి. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటే? మా బంధువు ఒకాయనకు ఇదే జరిగింది. షెడ్డులో 'పంపు పోయింది' అన్నారు. వేలు పోసి మార్పించినా బిగువు తగ్గలేదు. చివరికి దొరికిన దోషి.. ట్యాంకు నుంచి పంపుకెళ్లే గొట్టం దగ్గర వదులైన చిన్న క్లిప్పు! అప్పటికి పదును ఆరిపోయింది.

పవర్ స్టీరింగ్‌లో మాయేమీ లేదు. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో తోస్తుంది. స్టీరింగ్ కింది యూనిట్ దాన్ని మనం తిప్పిన వైపు సిలిండర్‌లోకి మళ్లిస్తుంది. సిలిండర్ చక్రాలను తిప్పుతుంది. ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే ఇది. కాబట్టి వెతకడమూ వరుసలోనే ఉండాలి.

మొదట పైసా ఖర్చులేనివి: ముందు టైర్లలో గాలి, ట్యాంకులో ఆయిల్ మట్టం, ఫిల్టర్. ఆయిల్ నురగ కడుతోందా? గాలి దూరుతోందన్నమాట. పంపులోకి ఆయిల్ పీల్చే గొట్టం వదులైతే బయటికి చుక్క కారకపోవచ్చు, లోపలికి గాలి మాత్రం లాగుతుంది. అందుకే అది కంటికి ఆనదు.

తర్వాత ముందు చక్రాలను జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి తిప్పండి. గాల్లోనూ బిగువుగా ఉంటే కింగ్ పిన్నులు, టై రాడ్ కీళ్లు, గ్రీజు చూడాలి. స్లోలో బిగువుగా ఉండి, రేజ్ చేస్తే తేలికవుతోందా? అప్పుడు పంపును అనుమానించొచ్చు. బెల్టుతో తిరిగే పంపైతే ముందు బెల్టు చూడండి. చక్రాలు చివరిదాకా తిరిగినా స్టీరింగ్ ఇంకా జారుతుంటే యూనిట్‌లోనో, సిలిండర్ సీళ్లలోనో లోపలి లీకు ఉండొచ్చు.

అసలు తీర్పు చెప్పేది ప్రెషర్ గేజ్. మాన్యువల్‌లో ఉన్న ఒత్తిడి రాకపోతేనే రిలీఫ్ వాల్వ్, పంపు జోలికి వెళ్లాలి. ఈ పరీక్షలో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి ఎక్కువసేపు పట్టుకోవద్దు, ఆయిల్ వేడెక్కుతుంది. లీకును చేత్తో తడమొద్దు. ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

ఈ పని నేర్చుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలపై శిక్షణ, పరీక్షలు జరిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఐటీఐలో ఏడాది 'మెకానిక్ ట్రాక్టర్' ట్రేడ్‌కు పదో తరగతి పాసైతే చాలు.

స్పేర్ పార్టు మార్చడం ఎవరైనా చేస్తారు. ఏది మార్చక్కర్లేదో రైతుకు కారణంతో చెప్పగలిగిన కుర్రాడి షెడ్డుకే మళ్లీ ట్రాక్టర్లు వస్తాయి.