గుండెలోని చిన్న ద్వారము

గర్భస్థశిశువునకు ఊపిరితిత్తులతో బనిలేదు. అందుచే గుండె పైగదుల రెంటినడుమ నొక చిన్న ద్వారముండి, రక్తమును కుడినుండి యెడమకు బోనిచ్చును. పుట్టినపిదప నది మూసికొనవలెను. కాని సుమారు నలుగురిలో నొకరికి బూర్తిగా మూసికొనదు. వారిలో పెక్కుమందికి దానివలన నే బాధయు నుండదు.

మెదడు వెనుకభాగమున శస్త్రచికిత్సను కొన్నియెడల రోగిని కూర్చుండబెట్టి చేయుదురు. తల గుండెకంటె నెత్తుననుండుటచే, తెరచుకొనిన సిరలలోనికి గాలి చొరవచ్చును. ఆ బుడగలు సాధారణముగా నూపిరితిత్తులలో నిలిచిపోవును. ద్వారము తెరచియున్నచో మాత్రము, అవి యెడమకు దాటి మెదడునకు బోయి, రక్తప్రసారము నడ్డగించి పక్షవాతము కలిగింపవచ్చును.

సోదరీమణులారా! ఇంట నెవరికైన నిట్టి చికిత్స నిశ్చయమైనచో, గుండెలో ద్వారమున్నదేమో పరీక్షించితిరాయని వైద్యుల ముందుగా నడుగుడు. ఉన్నదని తెలిసినచో, రోగిని పరుండబెట్టి చేయు మార్గమును వారాలోచింపగలరు. అడుగుట అవిశ్వాసము కాదు, జాగ్రత్తయేయని మా యభిప్రాయము.