గ్లాసు రసమా... గిన్నెడు కూరా?

శ్రీశైలం రోడ్డు మీద కందుకూరు వైపు వెళ్తుంటే (కోస్తాలోని కందుకూరు కాదండోయ్, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న రంగారెడ్డి జిల్లా కందుకూరు) కూరగాయల తోటలూ కనిపిస్తాయి, బత్తాయి జ్యూసు బండ్లూ కనిపిస్తాయి. పిల్లాడు కూర ముట్టడం లేదంటే అమ్మకు చప్పున గుర్తొచ్చేది మాత్రం ఆ బండే. 'పోనీలే, ఓ గ్లాసు జ్యూసైనా తాగాడు' అని తృప్తి పడుతుంది. ఆ లెక్క సరైనదేనా?

'సి' విటమిన్ వరకూ అయితే సరైనదే. అది వేడికి తగ్గిపోతుంది, నీళ్లలో కరిగిపోతుంది. కాబట్టి అప్పుడే పిండిన రసం ముందు ఉడికిన బీరకాయ ఓడిపోతుంది. అయితే గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు కావాలి. వాటి చక్కెరంతా గ్లాసులోకి వస్తుంది, పీచు చాలావరకూ పిప్పితో పాటు బుట్టలోకి పోతుంది. పావు లీటరు కమలారసంలో చక్కెర సుమారు 20 గ్రాములు. బండివాడు వేసే రెండు చెంచాల పంచదార దీనికి అదనం. పండు కొరికి తింటే ఒకటీ రెండుతో ఆగిపోతాం. తాగేటప్పుడు ఆ సంగతే తెలియదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లరసంలోని చక్కెరనీ పంచదారతో పాటే లెక్కగడుతుంది.

ఇక కూర సంగతి. వండితే పోషకాలన్నీ పోతాయనుకోవడం పొరపాటు. క్యారెట్‌లోని కెరోటిన్, టొమాటోకు ఎర్రరంగునిచ్చే లైకోపీన్ పచ్చిగా తిన్నప్పటికంటే ఉడికించి తిన్నప్పుడే ఒంటికి బాగా పడతాయి. తాలింపులోని చెంచాడు నూనె వాటికి తోడు. మన పెద్దవాళ్లు పోపు రుచికోసమే పెట్టి ఉండొచ్చు, మేలు మాత్రం రెండు రకాలుగా జరిగింది!

ఆకుకూరల్లోని ఇనుముది మరో కథ. అది ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, 'సి' విటమిన్ తోడుంటే పడుతుంది. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండమనేది ఇందుకే. ఇదేమంత చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. జ్యూసు ఒక్కటే తాగితే ఆ ఇనుము ఎక్కణ్నుంచి వస్తుంది?

కూర వండేవాళ్లూ కాస్త చూసుకోవాలి. ముక్కలు కోశాక కడగడం, ఉడికించిన నీళ్లు వార్చి పారబోయడం... ఈ రెండింటితో 'సి', ఫోలేట్ నీళ్లపాలవుతాయి. కడిగి కోసి, కొద్ది నీళ్లతో మూతపెట్టి మగ్గిస్తే సరి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కెలోరీలు తీసుకునేవారికి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని చెప్పింది. రసం కన్నా పండే మేలనీ అంది. డబ్బా రసాల సంగతి సరేసరి. నీళ్లు కలిపి తిరిగి తయారుచేసిన వాటి మీద '100 శాతం పండ్లరసం' అన్న మాట తీసేయమని 2024 జూన్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా.

మరి కూర ముట్టని పిల్లాణ్ని ఏం చేయాలి? క్యారెట్, సొరకాయ తురిమి చపాతీ పిండిలో కలపండి. పాలకూరను పప్పులో మెదిపేయండి. జ్యూసు డబ్బులతో జామకాయలు కొనండి. మామూలు సైజు కాయ ఒక్కటి తిన్నా ఆ రోజుకు కావలసిన 'సి' విటమిన్ వచ్చేస్తుంది, పీచు ఎటూ పోదు. కాస్త ఉప్పూకారం చల్లి చేతికిస్తే మారాం చేయకుండానే తింటాడు.